6 మంది ఆపరేటర్లు, 9 మెషీన్లు: పొద్దున వేసిన ప్లాన్ మధ్యాహ్నానికే చెడిపోతోంది, దారి చెప్పండి

ప్లానింగ్_కొత్త:
అందరికీ నమస్కారం. ఒక మెషిన్ షాప్‌లో ప్లానింగ్ చూస్తున్నా, ఈ సీట్లోకి వచ్చి 8 నెలలు. మా దగ్గర 4 సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేత్‌లు, 2 వీఎంసీలు (మిల్లింగ్ చేసేవి), ఒక స్లాటింగ్ మెషీన్, ఒక సిలిండ్రికల్ గ్రైండర్ (గుండ్రటి పీసుల్ని తిరిగే రాయితో సైజుకి తెచ్చేది), ఒక సర్ఫేస్ గ్రైండర్, మొత్తం 9. షిఫ్టుకి ఆపరేటర్లు మాత్రం 6 మందే. షాఫ్టులు, ఫ్లాంజ్‌లు, బుష్‌లు, అన్నీ చిన్న బ్యాచ్‌లే, 20 నుంచి 200 పీసుల దాకా.

రాత్రి కూర్చుని ఏ జాబ్ ఏ మెషీన్ మీద, ఎవరు నడపాలి అని ఎక్సెల్‌లో శుభ్రంగా వేసి పొద్దున 8 కల్లా బోర్డుకి అంటిస్తా. 11 అయ్యేసరికి ఒకాయన రాలేదనో, బార్ ఇంకా కట్ అవ్వలేదనో మొదలవుతుంది, ఈలోపు మార్కెటింగ్ వాళ్లు వచ్చి ఫలానా జాబ్ ఇవాళే పోవాలి అని నడుస్తున్న సెటప్, అంటే ఒక జాబ్ కోసం మెషీన్ మీద బిగించినదంతా, ఊడదీయిస్తారు, ఇక మధ్యాహ్నానికి నా కాగితానికీ ఫ్లోర్‌కీ సంబంధం ఉండదు. అందరూ రోజంతా పని చేస్తూనే ఉంటారు, ఎవరూ ఖాళీగా కూర్చోరు, అయినా డేట్లు దాటిపోతున్నాయి. ఇదే నాకు అర్థం కానిది. మంచి సాఫ్ట్‌వేర్ కొనమని మేనేజర్‌కి చెప్పాలా? లేక నేను ప్లాన్ వేసే పద్ధతిలోనే తప్పుందా?

లేత్_పాతకాపు:
తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు మూడు అంకెలు చెప్పు. ఇవాళ ఫ్లోర్ మీద మొదలుపెట్టి పూర్తికాని జాబ్‌లు ఎన్ని? రోజుకి సగటున ఎన్ని పూర్తయి బయటికి పోతున్నాయి? ఏ మెషీన్ ముందు ట్రేలు ఎక్కువ పేరుకుంటున్నాయి? మూడోది కంప్యూటర్‌లో చూడకు, ఫ్లోర్ మీదకి నడిచివెళ్లి చూడు.

ప్లానింగ్_కొత్త:
చూసి వచ్చాను సార్. తెరిచి ఉన్న జాబ్ కార్డులు 62. డిస్పాచ్ రిజిస్టర్ ప్రకారం గత నెల సగటు రోజుకి 5. ట్రేలు మాత్రం సిలిండ్రికల్ గ్రైండర్ ముందే, నడిచే దారి కూడా మూసుకుపోయింది, 23 లెక్కపెట్టా. లేత్‌ల ముందు ఒకటీ రెండూ కూడా లేవు.

ఓఆర్_మాస్టారు:
నేను ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే పనుల్ని లెక్కతో సర్దే పాఠం చెప్తాను, కాబట్టి లెక్కతో మొదలుపెడతా. 1961లో జాన్ లిటిల్ అనే ఆయన నిరూపించిన సూత్రం ఒకటి ఉంది, చాలా చిన్నది. లోపల ఉన్న పని = బయటికి వెళ్లే వేగం × ఒక్కో పని లోపల గడిపే సమయం. మీ 62ని 5తో భాగిస్తే 12 రోజుల పైనే. అంటే ఇవాళ ఫ్లోర్ మీదకి వదిలిన జాబ్ సగటున 12 రోజులకి బయటపడుతుంది, మీరు ఎక్సెల్‌లో ఎంత అందంగా పేర్చినా సరే. కస్టమర్‌కి ఎన్ని రోజులు చెప్తున్నారు?

ప్లానింగ్_కొత్త:
7 రోజులు సార్...

ఓఆర్_మాస్టారు:
అక్కడే తేలిపోయింది కదా. రోజుకి 5 వెళ్లే షాప్‌లో 7 రోజుల మాట నిలబడాలంటే లోపల 35 కన్నా ఎక్కువ ఉండకూడదు. మిగతా 27 కార్డులూ ఫ్లోర్ మీద ఉండి చేసేదేమీ లేదు, దారికి అడ్డం, వెతుక్కోవడానికి టైమ్, ఏది ముందో తెలియని గందరగోళం. ఆ కార్డులు మీ టేబుల్ మీదే ఉంచుకోండి, ఒకటి బయటికి పోతేనే ఇంకోటి లోపలికి వదలండి.

ఇంకో సంగతి, అందరూ రోజంతా పని చేస్తున్నారు అన్నారు, అదే ప్రమాదం. క్యూల లెక్కలో అన్నిటికన్నా తేలికైన మోడల్ తీసుకుంటే మెషీన్ 80 శాతం బిజీగా ఉన్నప్పుడు ఒక జాబ్ తన పని సమయానికి 4 రెట్లు క్యూలో ఆగుతుంది, 90 శాతానికి 9 రెట్లు, 95కి 19 రెట్లు. నిజం షాప్‌లో అంకెలు కొంచెం మారొచ్చు, ఆ పెరిగే తీరు మాత్రం మారదు. అన్ని మెషీన్లూ నిండుగా పెడితే ఒక్క గైర్హాజరుకే ప్లాన్ మొత్తం కూలిపోతుంది.

సెటప్_షీట్:
మా మేనేజర్లకి ఇది ఎక్కించడం ఎంత కష్టమో. ఆపరేటర్ రెండు నిమిషాలు నిలబడి కనిపిస్తే చాలు, ఏదో ఒక జాబ్ ఎక్కించు అంటారు.

లేత్_పాతకాపు:
అవును, ఆ "ఏదో ఒక జాబ్" వల్లే గ్రైండర్ ముందు 23 ట్రేలు. లేత్‌ల మీద మనుషులు ఖాళీగా ఉండకూడదని టర్నింగ్ చేస్తూ పోతారు, చేసిందంతా గ్రైండర్ ముందు పడుతుంది. తమ్ముడూ, మీ షాప్‌లో రోజుకి ఎంత బయటికి పోతుందో తేల్చేది ఆ ఒక్క గ్రైండర్. అక్కడ ఒక గంట పోతే షాప్ మొత్తానికి గంట పోయినట్టే, లేత్ మీద ఒక గంట మిగిలితే నీకు ఒరిగేది ఏమీ లేదు. గోల్డ్‌రాట్ అనే ఆయన దీన్నే డప్పు, తాడు అని పోల్చి చెప్పాడు: గ్రైండర్ డప్పు కొడితే మిగతావాళ్లు ఆ దెబ్బకే నడవాలి, ముందు వరసవాళ్లు మరీ ముందుకి ఉరకకుండా తాడు కట్టాలి.

కాబట్టి 9 మెషీన్లకీ ప్లాన్ వేయకు. గ్రైండర్‌కి ఒక్కదానికి గంటగంటకీ వెయ్యి. మిగతా 8 మెషీన్లకి "గ్రైండర్‌కి రేపు ఏది కావాలో అది ఇవాళ అందించాలి" అన్న లిస్టు చాలు.

కటింగ్_స్పీడ్:
సార్, ఒక్క మెషీన్‌కి అయినా ఏ వరసలో పెట్టాలి అన్న ప్రశ్న ఉంటుందిగా. మా దగ్గర ఎప్పుడూ పెద్ద బ్యాచ్ ముందు ఎక్కిస్తారు, పెద్దది అయిపోతే మనసుకి హాయి అని.

ఓఆర్_మాస్టారు:
మంచి ప్రశ్న. ఒక్క మెషీన్ అయితే సమాధానాలు 1950ల నుంచే ఉన్నాయి. చిన్నవి ముందు చేస్తే సగటున జాబ్‌లు తొందరగా బయటపడతాయి. డ్యూ డేట్ దగ్గరున్నవి ముందు చేస్తే అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమయ్యే జాబ్ ఆలస్యం తగ్గుతుంది, దీన్ని జాక్సన్ 1955లో చూపించాడు. రెండూ ఒకేసారి రావు, మీకు ఏది నొప్పో మీరే తేల్చుకోవాలి. చిన్నవే ముందు అని గుడ్డిగా పోతే 200 పీసుల బ్యాచ్ మూలన పడి మగ్గిపోతుంది, అది చూసుకోండి.

అన్ని జాబ్‌లూ లేత్ అయ్యాక గ్రైండర్‌కి వెళ్లేవే అయితే జాన్సన్ 1954లో ఇచ్చిన పద్ధతి ఉంది, కాగితం మీద చేసుకోవచ్చు. 5 జాబ్‌లు అనుకోండి, లేత్ గంటలు, గ్రైండర్ గంటలు వరసగా: క 3, 6. ఖ 5, 2. గ 1, 4. ఘ 6, 7. చ 7, 5. మొత్తం పట్టికలో అతి చిన్న అంకె వెతకండి, అది లేత్ కింద ఉంటే ఆ జాబ్ ముందు నుంచి పెట్టండి, గ్రైండర్ కింద ఉంటే వెనక నుంచి పెట్టండి, ఆ జాబ్ కొట్టేసి మళ్లీ వెతకండి. ఇక్కడ 1 అతి చిన్నది, గ మొదట. తర్వాత 2, అది గ్రైండర్ కింద ఉంది, ఖ చివర. ఇలా పోతే గ, క, ఘ, చ, ఖ వస్తుంది, 25 గంటల్లో మొత్తం అయిపోతుంది, గ్రైండర్ మొదటి గంట తప్ప ఇక ఆగదు. అదే లేత్ మీద పెద్దది ముందు అని చ, ఘ, ఖ, క, గ పెడితే 32 గంటలు. మెషీన్లు అవే, మనుషులు వాళ్లే, 7 గంటలు తేడా.

కటింగ్_స్పీడ్:
పెన్ను పట్టుకుని వేసి చూశా, నిజంగానే 32 వచ్చింది. పెద్ద చ ముందు పెడితే గ్రైండర్ 7 గంటలు ఊరికే చూస్తూ ఉండిపోతుంది, అక్కడే పోయింది చాలావరకు.

కోడ్_అండ్_కూలెంట్:
కానీ ఇది రెండు మెషీన్లకే, రెండు దాటితే ఈ ట్రిక్ పనిచేయదు అని అందరూ గుర్తుపెట్టుకోవాలి. మూడు మెషీన్ల వరసే కష్టమైన లెక్కల జాతిలోది అని 1976లోనే నిరూపించారు. ఒక్కో జాబ్ ఒక్కో దారిలో తిరిగే షాప్ ఇంకా ఘోరం. 1963లో 10 జాబ్‌లు, 10 మెషీన్ల లెక్క ఒకటి అచ్చులో వచ్చింది, దానికి అతి తక్కువ సమయం 930 అని రుజువు చేయడానికి 1989 దాకా పట్టింది, 26 ఏళ్లు. అందుకే రాత్రి ఎక్సెల్‌లో 62 జాబ్‌లు చేత్తో పేర్చి రాలేదని బాధపడుతున్న తమ్ముడికి నేను చెప్పేది, అది నీ చేతకానితనం కాదు. ఇప్పుడు ఫ్రీగా దొరికే గూగుల్ ఓఆర్‌టూల్స్ లాంటి సాల్వర్లు (లెక్క వేసి ప్లాన్ ఇచ్చే ప్రోగ్రాములు) ఈ సైజు లెక్కకి చాలాసార్లు మంచి ప్లాన్ నిమిషాల్లోనే ఇస్తాయి, కానీ సెటప్ టైమ్‌లు నిజమైనవి పెడితేనే. మీ సిస్టమ్‌లో సెటప్ 30 నిమిషాలు అని ఉండి ఫ్లోర్ మీద 90 పడుతుంటే సాల్వర్ ఇచ్చేది అందమైన అబద్ధం.

ప్లానింగ్_కొత్త:
మా మాస్టర్‌లో అన్నిటికీ 30 అనే ఉంది. ఎవరో మొదట్లో పెట్టింది, ఎవరూ మార్చలేదు.

ఇంకో డౌట్, మనుషుల సంగతి. 6 మందిని 9 మెషీన్లకి ఎలా పంచాలి? ఇప్పుడైతే ఎవరికి ఏది బాగా వస్తే అది ఇస్తున్నా.

ఓఆర్_మాస్టారు:
వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ లెక్కలో దెబ్బతింటుంది. ముగ్గురు, మూడు మెషీన్లు తీసుకుందాం. ఒకే రకం పనికి మొదటాయనకి లేత్ మీద 8 గంటలు, మిల్లింగ్ మీద 9, గ్రైండర్ మీద 15. రెండో ఆయనకి 9, 14, 16. మూడో ఆయనకి 14, 13, 15. మొదటాయన లేత్ మీద అందరికన్నా దిట్ట అని అక్కడే పెడితే మిగతా ఇద్దరినీ ఎలా మార్చినా మొత్తం 37. ఆయన్ని లేత్ నుంచి తీసి మిల్లింగ్‌కి పంపి, రెండో ఆయన్ని లేత్ మీద, మూడో ఆయన్ని గ్రైండర్ మీద పెడితే 33. ఎవరు దేంట్లో దిట్ట అని కాదు, ఆయన్ని అక్కడి నుంచి తీస్తే ఎంత పోతుంది, ఇంకోచోట పెడితే ఎంత వస్తుంది అని చూడాలి. దీనికే హంగేరియన్ పద్ధతి, 1955లో హెరాల్డ్ కున్ రాశాడు, ఇద్దరు హంగేరీ గణితజ్ఞుల పని మీద కట్టాడు కాబట్టి ఆ పేరు పెట్టాడు. మనుషులు 6, మెషీన్లు 9 అంటే సున్నాలతో ముగ్గురు ఉత్తుత్తి మనుషుల్ని కలపండి, ఏవైతే వాళ్ల పాలపడ్డాయో ఆ మెషీన్లు ఆ పూట ఆగుతాయి. 9 × 9 అంటే 81 గడులు, ఎక్సెల్ సాల్వర్ 200 దాకా తీసుకుంటుంది, సరిపోతుంది. గ్రైండర్ మాత్రం ఆ ఉత్తుత్తి మనుషుల పాలపడకుండా ఒక షరతు తప్పకుండా పెట్టండి.

వీల్_డ్రెస్సర్:
ఇంతమంది ప్లానింగోళ్లు, సార్లు రాస్తుండ్రు, మెషీన్ మీద నిలబడేటోన్ని, నాదీ ఒక మాట ఇనుండ్రి. నేను 14 ఏండ్ల సంది సిలిండ్రికల్ గ్రైండర్ మీదనే ఉన్న. పని మంచిగ వస్తదని ప్రతి టైట్ జాబ్ నాకే ఇస్తరు, రివార్డ్ ఏంది అంటే ఇంకో టైట్ జాబ్. సెలవు అడిగితే నువ్వు పోతే గ్రైండర్ ఎవరు నడుపుతరు అంటరు. చెల్లె పెండ్లికి ఒక్క దినం ఇచ్చిండ్రు. పక్కన లేత్ మీద నేర్చుకుంటనంటే వద్దన్నరు. మెడ నొప్పి లేసింది, ఇప్పటిదాక ఇంకో మనిషిని తయారు చెయ్యలే.

మీ ఎక్సెల్ల నా పేరు పక్కన పీసుకు 6 నిమిషాలు అని ఉంటది. వీల్ కొత్తగ ఎక్కించిన దినం అది 6 కాదు. వీల్ డ్రెస్ చేస్తుంటే, అంటే గ్రైండర్ రాయిని డైమండ్‌తోని చెక్కి సాపు చేస్తుంటే, డైమండ్ పోయే సప్పుడు చెవికే తెలుస్తది, ఒక్క తీరుగ సర్ర్ అని పోవాలె, మధ్యల తెగింది అంటే అక్కడ వీల్ మీద పల్లం ఉన్నట్టు, ఇంకోపారి పోవాలె. ఆఖర్ల రవ్వలు సన్నగైతయి, మొత్తం ఆగేదాక చెయ్యి కదపొద్దు, ఆగకముందే ఎనక్కి గుంజితే సైజ్ 4, 5 మైక్రాన్లు తేడా కొడ్తది. అర్జెంట్ అర్జెంట్ అని మీద నిలబడితే గదే అయితది, తెల్లారి రీవర్క్. గా టైమ్ మీ ప్లాన్ల ఏడ రాస్తరు?

షిఫ్ట్_సూపర్‌వైజర్_అక్క:
అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. ఒక్క మనిషి మీద ఆధారపడిన మెషీనే బాటిల్‌నెక్ (షాప్ మొత్తాన్ని ఆపే ఇరుకు) అయినప్పుడు అసలు ఇరుకు మెషీన్ కాదు, ఆ మనిషి అలసట. లెక్కలో మనిషిని గంటలుగా రాస్తాం, ఆయన ఒక రోజు రాకపోతే ఏంటి అని రాయం.

ప్లానింగ్_కొత్త గారూ, స్కిల్ మ్యాట్రిక్స్ వేయండి. నిలువుగా 6 పేర్లు, అడ్డంగా 9 మెషీన్లు, గడిలో 0 నుంచి 3: రాదు, తోడుంటే నడుపుతాడు, ఒంటరిగా నడుపుతాడు, సెటప్ కూడా చేసి ఇంకొకరికి నేర్పగలడు. అది మీరు ఆఫీసులో కూర్చుని నింపొద్దు, ఆపరేటర్లని పిలిచి వాళ్లనే చెప్పమనండి. నింపాక నిలువు వరసలు చూడండి, ఏ మెషీన్ కింద 2 లేదా ఆపైన ఉన్నవాళ్లు ఒక్కరే ఉన్నారో అదే మీ మొదటి పని, ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ముందు.

అందరికీ అన్నీ నేర్పనక్కర్లేదు. జోర్డన్, గ్రేవ్స్ అని ఇద్దరు 1995లో ఫ్యాక్టరీలు, ప్రొడక్టుల మీద చూపించారు, అన్నీ అన్నిట్లో చేయగలగాల్సిన పని లేదు, ఒక్కోటి రెండిట్లో చేయగలిగేలా గొలుసులా కలిపితే దాదాపు అంత లాభమూ వస్తుందని. మనుషుల విషయంలో కూడా నేను అదే చేశా: లేత్ ఆయన గ్రైండర్ కూడా, గ్రైండర్ ఆయన స్లాటింగ్ కూడా, స్లాటింగ్ ఆయన వీఎంసీ కూడా, ఇలా చివరాయన మళ్లీ లేత్‌కి వచ్చి గొలుసు మూసుకోవాలి. ఒకరు రాకపోతే పక్కవాళ్లు ఒక్కో అడుగు జరిగితే సరిపోతుంది.

సెటప్_షీట్:
నేర్పడానికి టైమ్ ఎక్కడ అక్కా, బాటిల్‌నెక్ మీద కొత్తవాణ్ని పెడితే ఇంకా ఆలస్యం కదా?

షిఫ్ట్_సూపర్‌వైజర్_అక్క:
నిజమే, మొదటి రెండు వారాలు దెబ్బ తగులుతుంది. మేం టాలరెన్స్ వదులుగా ఉన్న జాబ్‌లు, అంటే 0.05 మిల్లీమీటర్లు అటూఇటూ ఉన్నా పర్లేదు అన్నవి ఏరి అవే కొత్తాయనకి ఇచ్చాం, పాతాయన పక్కనే నిలబడ్డారు. ఈలోపు ఆ పాతాయన చేతిలోంచి గ్రైండింగ్ కాని పనులన్నీ తీసేశాం, బర్ర్ (అంచున మిగిలే ముల్లు) తీయడం, ట్రేలు మోయడం, డ్రాయింగ్ వెతకడం, తర్వాతి జాబ్‌కి పీసుని పట్టే సెంటర్లు, క్యారియర్లు సిద్ధం చేయడం. లేత్ మీద ఖాళీగా ఉన్నవాళ్లు అవి చేశారు. మెషీన్ ఆగకముందే చేయగలిగేది ముందే చేయడం అని జపాన్‌లో షింగో సెటప్‌ల గురించి చెప్పింది ఇదే.

వీల్_డ్రెస్సర్:
గట్ల జేస్తే నాకు షిఫ్ట్‌ల గంటన్నర మిగులుతది, ఊకె చెప్తలేను.

లేత్_పాతకాపు:
అర్జెంట్ జాబ్‌ల సంగతి కూడా తేల్చుకో తమ్ముడూ. రేపటి దాకా గ్రైండర్ వరస ఎవరూ ముట్టకూడదు అని మేనేజర్ నోటితోనే చెప్పించు. అర్జెంట్ కోసం రోజుకి ఒక్క ఖాళీ జాగా ఉంచు, మార్కెటింగ్ వాళ్లు ఏ జాబ్ దాంట్లో పెడతారో వాళ్లలో వాళ్లే తేల్చుకుని రావాలి. నడుస్తున్న సెటప్ ఊడదీయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు.

ప్లానింగ్_కొత్త:
అందరూ చెప్పినవి రాసుకున్నా. మళ్లీ వస్తా.

(6 వారాల తర్వాత)

ప్లానింగ్_కొత్త:
వచ్చాను. అయింది అయినట్టు చెప్తా. సాఫ్ట్‌వేర్ ఏమీ కొనలేదు. మొదట కార్డులు ఆపా. మేనేజర్‌ని ఒప్పించడానికి 62, 5, 12 అని కాగితం మీద రాసి చూపించా, వేరే వాదన అవసరం పడలేదు. ఇప్పుడు లోపల 41 ఉన్నాయి, రోజుకి ఇంకా 5 చుట్టూనే పోతున్నాయి, కానీ వదిలిన జాబ్ 8 రోజుల్లో బయటపడుతోంది. 35కి ఇంకా దిగలేదు.

సెటప్ టైమ్‌లు రెండు వారాలు గడియారం పెట్టి రాయించా, లేత్‌ల మీద సగటు 55 నిమిషాలు, గ్రైండర్ మీద వీల్ మార్పు ఉంటే 100 దాటింది. మాస్టర్‌లో 30 తీసేసి ఇవి పెట్టా.

స్కిల్ మ్యాట్రిక్స్ నింపినప్పుడు నాకు సిగ్గేసింది. ఒక లేత్ ఆపరేటర్ ఇంతకుముందు పనిచేసిన చోట 3 ఏళ్లు గ్రైండింగ్ చేశారట, మేం ఎవరం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన్నే రెండో మనిషిగా పెట్టాం. మొదటి వారంలో 11 షాఫ్టులు అండర్‌సైజ్ (ఉండాల్సిన కొలత కన్నా తక్కువ) అయ్యాయి, అన్నీ ఒకే రోజు, ఆ రోజు అర్జెంట్ అని నేనే వెళ్లి ఆయన వెనక నిలబడ్డా. తప్పు నాదే. వీల్_డ్రెస్సర్ గారు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత ఎవరూ వెనక నిలబడకూడదు అని పెట్టుకున్నాం, మళ్లీ అలా కాలేదు. పోయిన వారం మా పాత గ్రైండర్ ఆయన 4 రోజులు సెలవు పెట్టి ఊరెళ్లారు, నాకు తెలిసి ఈ 8, 9 నెలల్లో ఇదే మొదటిసారి.

కోడ్_అండ్_కూలెంట్:
చాలా సంతోషం బ్రదర్. ఇప్పుడు మీ దగ్గర నిజమైన సెటప్ టైమ్‌లు ఉన్నాయి కాబట్టి సాల్వర్‌కి అర్థం ఉంది. గ్రైండర్ ఒక్కదానికే, ఒకే వీల్‌తో అయ్యే జాబ్‌లు పక్కపక్కన వచ్చేలా, డేట్ దాటకుండా, అన్న లెక్క పెట్టి చూడండి. 100 నిమిషాల మార్పులు రోజుకి ఒకటి తగ్గినా అది మొత్తం షాప్‌కి మిగిలినట్టే.

ప్లానింగ్_కొత్త:
అదే ఇప్పుడు ఎక్సెల్‌లో చేత్తో చేస్తున్నా, రంగులు వేసి. ఒక సందేహం మిగిలింది. షిఫ్ట్ మారే టైమ్‌లో గ్రైండర్ 40 నిమిషాలు ఆగిపోతోంది, దిగేవాళ్లు శుభ్రం చేసి వెళ్తారు, ఎక్కేవాళ్లు మొదటి పీస్ చెక్ చేసుకుని మొదలుపెడతారు. ఇది ఎలా తగ్గించాలి?

వీల్_డ్రెస్సర్:
దిగేటోడు ఆఖరి పీసు తీసి బల్ల మీద పెట్టి పోవద్దు, మెషీన్ మీదనే ఉంచాలె. వీల్ డ్రెస్ చేసి, సైజ్ తీసి, ఎన్ని మైక్రాన్లు ఉందో కార్డు మీద రాసి ఎక్కేటోని చేతికియ్యాలె. ఇద్దరు 10 నిమిషాలు కలిసి నిలబడాలె, గా 10 నిమిషాలు ఇద్దరికీ డ్యూటీల లెక్కపెట్టుండ్రి. మా దగ్గర గట్ల చేసినప్పుడు పావుగంటల మళ్ల రవ్వలు లేస్తుండె.